పది మైళ్ళ బంగారు లైను

రైలు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో మారికుప్పం–కుప్పం కొత్త లైను గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. బంగారుపేట నుంచి మారికుప్పం దాకా పోయే కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) రైలంటే మా చిత్తూరు వైపు వాళ్ళకు సొంత చుట్టం సంగతే. ఎవరింట్లో చూసినా తాతో, మేనమామో, పెద్దనాయనో కేజీఎఫ్‌లో పనిచేసినవాడు ఉంటాడు. మా మేనమామ చాంపియన్ రీఫ్ గనిలో దిగినవాడే. నేను ఆ గనిలో దిగలేదు కానీ ఆ లైను మీద గార్డుగా పనిచేశాను. అందుకని ఈ నెల పేజీలన్నీ ఆ పది మైళ్ళకే ఇస్తున్నాను.

ప్రశ్న: గనులు మూసేసి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా బంగారుపేట నుంచి మారికుప్పానికి రైళ్ళు నిండుగా నడుస్తున్నాయి. అసలు ఆ లైను ఎవరు వేశారు? బంగారం మోయడానికేనా? (కుప్పం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అందరూ అలాగే అనుకుంటారు గనుక.

కోలారు గనులు నూట ఇరవై ఏళ్ళలో తీసిన బంగారం మొత్తం సుమారు 800 టన్నులు. బొగ్గు మోసే బాక్స్-ఎన్ రకం వ్యాగన్ మొదటి లెక్క ప్రకారం ఒక్కోటి 58 టన్నులు మోస్తుంది. లెక్క కట్టి చూడండి. నాలుగైదు తరాల మనుషులు పాతాళానికి దిగి తవ్వి తెచ్చిన బంగారమంతా కలిపి 14 వ్యాగన్లలో సరిపోతుంది. ఒక పూర్తి బొగ్గు బండికి 58 వ్యాగన్లుంటాయి. అంటే ఆ మొత్తానికి బండిలో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. దాని కోసం ఎవరూ రైలు పట్టాలు వెయ్యరు.

బంగారం ఉన్న రాయి కూడా ఆ లైను మీద పోలేదు. రాయిని గని దగ్గరే స్టాంపు మిల్లుల్లో పిండి చేసేవాళ్ళు. మొదట పాదరసంతో, తర్వాత సైనైడుతో బంగారాన్ని అక్కడే విడదీసేవాళ్ళు. మిగిలిన పిండినంతా అక్కడే పోసేవాళ్ళు. ఇవాళ కేజీఎఫ్‌లో కొండల్లా కనబడే సైనైడు దిబ్బలు అవే. బయటికి వచ్చింది గట్టి పెట్టెల్లో పట్టే కడ్డీలు మాత్రమే.

మరి రైలు దేనికి? గనికి మేత వెయ్యడానికి. బంగారు గని ఇచ్చేది గ్రాముల్లో, తినేది టన్నుల్లో. ఆవిరి ఇంజిన్లకు బొగ్గు, కట్టెలు. సొరంగాల కప్పు కూలకుండా నిలబెట్టడానికి దుంగలు. ఇంగ్లండు నుంచి మద్రాసు రేవులో దిగిన బాయిలర్లు, పంపులు, తీగ తాళ్ళు, స్టాంపు మిల్లు ఇనుము. మందుగుండు. సైనైడు డబ్బాలు. వేల మంది కూలీలకు బియ్యం. ఇవన్నీ లోపలికి పోవాలి. నిండు వ్యాగన్లు పైకి, ఖాళీవి కిందికి. బొగ్గు గనుల రైలుకు ఇది పూర్తిగా తిరగబడిన పద్ధతి. ఈ లైను చరిత్ర అర్థం కావాలంటే ముందు ఈ సంగతి పట్టుకోవాలి.

ఇక ఎవరు వేశారంటే, మైసూరు సంస్థాన ప్రభుత్వం. మద్రాసు రైల్వే వాళ్ళ జోలార్‌పేట–బెంగళూరు లైను 1864లోనే తెరిచారు. దాని మీద గనులకు దగ్గరి స్టేషను బౌరింగ్‌పేట. అదే ఇప్పటి బంగారుపేట. అప్పట్లో మైసూరు కమిషనరుగా ఉన్న బౌరింగు దొర పేరు దానికి పెట్టారు. న్యూజిలాండు యుద్ధాల్లో పనిచేసి వచ్చిన లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1873లో తవ్వకాలకు అర్జీ పెట్టుకున్నాడు. 1875లో అతనికి హక్కు దొరికింది గానీ ఒక్కడి డబ్బుతో అయ్యే పని కాదు కదా, హక్కు చేతులు మారింది. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చాక గానీ గనులు గట్టిగా నిలబడలేదు. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ, ఇలా ఒక్కో గనికి ఒక్కో కంపెనీ పెట్టారు. వాటన్నిటి నిర్వహణ మాత్రం ఆ టేలర్ల చేతిలోనే ఉండేది.

గనులు పుంజుకునే ఆ ఏళ్ళల్లో బౌరింగ్‌పేటలో దిగిన ప్రతి బాయిలరూ, ప్రతి ఇనుప దూలమూ ఎద్దుబండి మీద పది మైళ్ళు పోవాల్సిందే. వానపడితే ఆ ఎర్రమట్టి దారి ఎలా ఉంటుందో కోలారు జిల్లాలో తిరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బంగారం మీద రాయల్టీ వచ్చేది మైసూరు ఖజానాకు. గని పెరిగితే ఖజానా పెరుగుతుంది. అప్పటి దివాను కె. శేషాద్రి అయ్యరు ఇలాంటి లెక్కల్లో దిట్ట. సంస్థానం డబ్బుతో బ్రాంచి వేశారు, నడిపే పని మద్రాసు రైల్వేకి అప్పజెప్పారు. 1894లో బండ్లు మొదలయ్యాయి. పొడవు పది మైళ్ళు, ఇప్పటి లెక్కలో 16 కిలోమీటర్లు.

స్టేషన్లు చూడండి: కోరమాండల్, ఊరిగాం, చాంపియన్, మారికుప్పం. గని వెంట గని, స్టేషను వెంట స్టేషను. బంగారం ఉన్న రాతి పొర ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గనులు దాని వెంట వరసగా దిగాయి, పట్టాలు గనుల వెంట పోయాయి.

తర్వాత 1902 వచ్చింది. జూన్ 30న శివసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు 92 మైళ్ళ తీగ మీద కేజీఎఫ్‌కు చేరింది. అంత దూరం కరెంటు పంపడం ఆ రోజుల్లో ప్రపంచంలోనే అరుదు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో, అంటే మూడేళ్ళ తర్వాత. దివాను శేషాద్రి అయ్యరు ఆ పని మొదలుపెట్టించాడు గానీ చూడకుండానే 1901లో పోయాడు. కరెంటు వచ్చాక గనికి బొగ్గు, కట్టెల అవసరం తగ్గుతూ వచ్చింది. ఎనిమిదేళ్ళ వయసులోనే ఆ రైలుకు పెద్ద సరుకు చేజారడం మొదలైందన్న మాట.

అయినా లైను తగ్గలేదు. మనుషులున్నారు. ఉత్తర ఆర్కాటు, సేలం నుంచి తమిళులు, ముఖ్యంగా దళిత కుటుంబాలు, వేల సంఖ్యలో వచ్చారు. మా చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు, చుట్టుపక్కల పల్లెల నుంచి కన్నడిగులు, తెలుగువాళ్ళు వచ్చారు. ప్రమాదమైన పనంతా వాళ్ళ చేతుల మీదుగానే జరిగింది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించి లోతుకు దిగింది. అంత లోతులో రాయి చేతికి వేడిగా తగిలేదని మామ చెప్పేవాడు. పైనున్న బరువుకు రాయి ఒక్కసారిగా పగిలేది. దాన్ని వాళ్ళు రాక్ బరస్ట్ అనేవాళ్ళు. కింద అది పగిలితే పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి. ఆ మోత వినగానే లైనిళ్ళల్లోని (కూలీల వరస ఇళ్ళల్లోని) ఆడవాళ్ళు షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. నేనూ చిన్నప్పుడు సెలవులకు పోయి ఒకసారి అత్తమ్మ వెనకాల పరుగెత్తాను.

1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకుంది. 1962లో అవి కేంద్రం చేతికి పోయాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి. అప్పటికే లోతు పెరిగి, రాతిలో బంగారం పలచబడి, ఖర్చు రాబడిని దాటిపోయింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు.

ఆ తర్వాతే ఈ లైను అసలు విలువ నాకు తెలిసొచ్చింది. నా సర్వీసు చివరి ఏళ్ళవి. తెల్లవారక ముందే మారికుప్పం ప్లాట్‌ఫారం కిటకిటలాడేది. నిన్నటి దాకా షిఫ్టుకు గనిలో దిగినవాళ్ళు, వాళ్ళ కొడుకులు, కూతుళ్ళు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని బెంగళూరు బండి ఎక్కేవాళ్ళు. సెక్యూరిటీ ఉద్యోగాలు, కట్టడం పనులు, బట్టల ఫ్యాక్టరీలు. పోను రెండు గంటల పైన, రాను రెండు గంటల పైన. ఇప్పటికీ అంతే. ఆ రైలు లేకపోతే కేజీఎఫ్ ఖాళీ అయిపోయేది. గని కోసం వేసిన లైను గని పోయాక ఊరిని నిలబెట్టింది. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

ప్రశ్న: మైసూరు సంస్థానంలో ఎక్కువగా మీటర్ గేజ్ లైన్లే ఉండేవని చదివాను. మరి ఈ చిన్న బ్రాంచికి మాత్రం బ్రాడ్ గేజ్ ఎందుకు? (అనంతపురం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్న అడిగావు తల్లీ. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు. బెంగళూరు–మైసూరు లైను అప్పట్లో మీటర్ గేజే. కానీ బౌరింగ్‌పేట మీదుగా పోయేది మద్రాసు రైల్వే బ్రాడ్ గేజ్. బ్రాంచికి కూడా అదే గేజ్ వేస్తే మద్రాసు రేవులో నింపిన వ్యాగన్ నేరుగా గని సైడింగులోకి (సరుకు దించే పక్క లైనులోకి) వచ్చి ఆగుతుంది. గేజ్ మారితే సరుకంతా బౌరింగ్‌పేటలో దించి, మళ్ళీ ఎక్కించాలి. బియ్యం బస్తా అయితే ఎలాగో ఎక్కిస్తారు. పెద్ద బాయిలర్ సంగతేమిటి?

అదే బౌరింగ్‌పేట నుంచి కోలారు పట్టణానికి 1913లో ఇంకో లైను పడింది. దాని గేజ్ రెండున్నర అడుగులు, అంటే నారో గేజ్. జిల్లా కేంద్రానికి పందొమ్మిదేళ్ళు ఆలస్యంగా, బుల్లి రైలు. గనులకు ముందుగా, పెద్ద రైలు. ప్రభుత్వానికి రాబడి ఎటునుంచి వస్తుందో గేజ్ చూసి చెప్పవచ్చు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి. కోలారు చుట్టుపక్కల రైతులు పండించిన కూరగాయలూ, చింతపండూ దశాబ్దాల తరబడి బంగారుపేటలో బండి మార్చాల్సి వచ్చింది. నారో గేజ్ వ్యాగన్ పక్కన బ్రాడ్ గేజ్ వ్యాగన్ నిలబెట్టి కూలీలు బస్తాలు మోస్తుండగా నేను చూశాను. ఆ లైను కూడా తర్వాత బ్రాడ్ గేజ్ అయింది.

ప్రశ్న: మాది ఇల్లందు. సింగరేణి బొగ్గు రైలు ముందా, కోలారు బంగారు రైలు ముందా? (ఒక విశ్రాంత గని కార్మికుడు)

జవాబు: మీదే ముందండీ. డోర్నకల్ నుంచి ఇల్లందు గనులకు నిజాం రైల్వే బ్రాంచి 1888లో తెరిచారు. కోలారు దాని తర్వాత ఆరేళ్ళకు. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871 ప్రాంతంలో మీ దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వే హక్కు దొరికింది. రెండేళ్ళలో పట్టాలు పడ్డాయి. తొందర ఎందుకో మీకు నేను చెప్పాలా? రైలు లేని బొగ్గు గని పనికిరాదు. బంగారం ఎద్దుబండి మీదైనా పోతుంది, బొగ్గు పోదు.

ఆయుస్సులోనూ తేడా అక్కడే వచ్చింది. మీ లైను కారేపల్లి దగ్గర చీలి కొత్తగూడెం, ఆపైన మణుగూరు దాకా పెరిగింది. కొత్తగూడెం నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల లైను 2022లో పూర్తయింది. దాని ఖర్చులో పెద్ద వాటా సింగరేణే పెట్టుకుంది. గని ఎటు పోతే రైలు అటు పోతూనే ఉంది. మారికుప్పం లైను మాత్రం 1894లో ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది. నేను పనిచేసినప్పుడు అక్కడ బండి దిగాక ఇంజిన్ విప్పి, పక్క లైను మీదుగా రెండో కొసకు తెచ్చి తగిలించి మళ్ళీ బయల్దేరేవాళ్ళం. ఆ కాసేపట్లో ప్లాట్‌ఫారం అంచున నిలబడితే ఎదురుగా ఆంధ్ర కొండలు కనబడేవి.

ఇంకొక మాట. గనిలో పనిచేసినవారు ఉత్తరం రాశారు గనుక చెబుతున్నాను. మీ అనుభవం రాసి పంపండి. బొగ్గు లోడింగు పాత రోజుల్లో ఎలా జరిగేదో, బుట్టలతో వ్యాగన్లు నింపిన వాళ్ళెవరో మీలాంటివారు చెబితేనే తెలుస్తుంది.

ప్రశ్న: మా తాత పలమనేరు దగ్గరి పల్లె నుంచి 1940లలో కేజీఎఫ్ గనికి పోయి పనిచేశాడు. ఆయన ఏ దారిన పోయి ఉంటాడు? (బెంగళూరులో ఉంటున్న ఒక పాఠకురాలు)

జవాబు: కాలినడకనో, బండి మీదో కుప్పం చేరి, అక్కడ రైలెక్కి బౌరింగ్‌పేటలో దిగి, బ్రాంచి బండికి మారి ఉంటాడు. మా మామ పోయింది ఆ దారినే. కొందరు వి.కోట మీదుగా బేతమంగళం, అక్కడినుంచి గనులకు నడిచి పోయేవాళ్ళు. బేతమంగళంలో పాలారు చెరువు ఉంది, గనులకు నీళ్ళు అక్కడినుంచే వచ్చేవి. నడిచేవాళ్ళకు అక్కడ మజిలీ.

గనుల్లో తొలి రోజుల కూలీల ఇళ్ళు వెదురు తడికలతో కట్టినవి. వరసలు వరసలుగా ఉండేవి గనుక లైనిళ్ళు అనేవాళ్ళు. ఒక్క గది, ముందు చిన్న వసారా. ఆ వసారాలో ఊరి నుంచి వచ్చిన ముగ్గురు నలుగురు కుర్రవాళ్ళు పడుకునేవాళ్ళు. మీ తాత కూడా మొదట అలా ఎవరి వసారాలోనో చోటు దొరికించుకునే ఉంటాడు. ఇంట్లో పాత పెట్టె ఉంటే వెతకండమ్మా. గనివాళ్ళు ఇచ్చిన పని చీటీలు, ప్రావిడెంట్ ఫండు కాగితాలు చాలా ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. దొరికితే పారెయ్యకండి. గని పేరు, షాఫ్టు పేరు అందులో ఉంటే ఆయన ఏ స్టేషనులో దిగేవాడో కూడా తెలిసిపోతుంది. గిఫర్డు షాఫ్టు అని ఉంటే చాంపియన్, ఎడ్గరు షాఫ్టు అని ఉంటే మైసూరు గని, దానికి దిగేది మారికుప్పంలో.

ప్రశ్న: చిత్తూరు జిల్లాలోనూ బంగారు గనులు ఉండేవి కదా. వాటికి రైలు ఎందుకు వెయ్యలేదు? మారికుప్పం–కుప్పం లైను వల్ల మనకు ఒరిగేదేమిటి? (చిత్తూరు నుంచి ఒక న్యాయవాది)

జవాబు: ఉండేవి. గుడుపల్లె మండలంలో చిగురుకుంట, బిసానత్తం. కోలారు బంగారు రాతి పొర రాష్ట్ర సరిహద్దు దాటి మన వైపు సాగిన చోటది. భారత్ గోల్డ్ మైన్సే వాటినీ నడిపింది, కోలారుతో పాటే 2001లో అవీ ఆగాయి. రైలు ఎందుకు వెయ్యలేదంటే, అవసరం రాలేదు. బిసానత్తం స్టేషను బెంగళూరు–జోలార్‌పేట మెయిన్ లైను మీదే ఉంది. గనులూ చిన్నవి.

కొత్త లైను సంగతి. మారికుప్పం నుంచి కుప్పానికి సుమారు 24 కిలోమీటర్లు. ఇప్పుడు కుప్పం మనిషి రైల్లో కేజీఎఫ్ పోవాలంటే బంగారుపేట దాకా పోయి, వెనక్కి తిరిగి బ్రాంచిలో దిగాలి, అంతా కలిపి యాభై కిలోమీటర్ల చుట్టు. ఈ లైను పడితే సగానికి తగ్గుతుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. మారికుప్పం కొస తెరుచుకుంటే చెన్నై వైపు బండ్లు కేజీఎఫ్ మీదుగా బెంగళూరు పోవచ్చు. బంగారుపేట–కుప్పం మధ్య మెయిన్ లైను ఎంత రద్దీగా ఉంటుందో గూడ్సు బండిలో గార్డుగా కూర్చుని లూప్ లైనులో (స్టేషనులో బండిని పక్కకు ఆపే లైనులో) గంటలకొద్దీ ఎదురుచూసిన నాకు తెలుసు. ఎక్స్‌ప్రెస్‌లన్నీ దాటిపోయాక గానీ మాకు సిగ్నలు పడేది కాదు.

ఈ లైను మంజూరై పదేళ్ళు దాటింది. భూసేకరణ రెండు రాష్ట్రాల్లో జరగాలి గనుక పని నెమ్మదిగా సాగింది. మీరు న్యాయవాది గనుక అడుగుతున్నాను: గుడుపల్లె, కుప్పం మండలాల్లో భూమి ఇచ్చిన రైతుల్లో ఎవరికైనా పరిహారం చిక్కు ఉంటే వాళ్ళ తరఫున కాగితాలు చూడండి. లైను తొందరగా రావాలి, నిజమే. రైతుకు నష్టం జరక్కుండా రావాలి. కేజీఎఫ్‌లో గని కోసం సర్వం ధారపోసిన కుటుంబాలకు గని మూసినప్పుడు ఏం జరిగిందో చూసినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను.

ప్రశ్న: మా బడి పిల్లల్ని కేజీఎఫ్ తీసుకుపోవాలనుకుంటున్నాను. గని చూడనిస్తారా? రైల్లో పోవడం మంచిదా? (మదనపల్లె నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: గని లోపలికి ఎవరినీ పోనివ్వరమ్మా. పంపులు ఆపేశాక కింది అంతస్తులన్నీ నీళ్ళతో నిండిపోయాయి. పాత షాఫ్టుల దగ్గరికి పిల్లల్ని వదలకండి, కంచె ఉన్నా సరే. సైనైడు దిబ్బల మీదికీ ఎక్కనివ్వకండి. గాలి తోలే రోజుల్లో ఆ తెల్లపొడి కళ్ళల్లో, ముక్కుల్లో పడుతుంది. అక్కడి పిల్లలు ఏళ్ళ తరబడి దాన్ని పీల్చారు, మన పిల్లలకు ఒక్క పూట కూడా వద్దు.

బంగారుపేట దాకా బస్సులో పోయి, అక్కడ మారికుప్పం రైలెక్కండి. పిల్లల్ని కిటికీల దగ్గర కూర్చోబెట్టండి. కోరమాండల్ దాటినప్పటినుంచి షాఫ్టుల మీది ఇనుప చట్రాలు, దిబ్బలు, లైనిళ్ళ వరసలు కనబడతాయి. ప్రతి స్టేషనులో గని పేరు చెప్పండి. ఊరిగాంలో దిగి ఊళ్ళో తిరిగి, మధ్యాహ్నం మారికుప్పం చేరితే సరిపోతుంది. అక్కడ పాత గనివాళ్ళు ఎవరైనా కనబడితే అడగండి, తెలుగులో మాట్లాడేవాళ్ళు తప్పకుండా ఉంటారు. మధ్యాహ్నం పూట బండ్లు తక్కువ, సాయంత్రం బెంగళూరు నుంచి వచ్చేవి కిక్కిరిసి ఉంటాయి. తిరుగు బండి సమయం ముందుగానే స్టేషనులో కనుక్కోండి. తాగేనీళ్ళు వెంట తీసుకుపోండి.